పరగడుపు రక్తం

ఆగస్టు ఒకటో తేదీ తెల్లవారుజామున జునిల్దా ఒహేదా వంటింటి గడప దగ్గర నిలబడి, తల్లి అందించిన చిన్న గ్లాసును మూడు గుటకల్లో ఖాళీ చేసింది. మొహం చిట్లించి, మూతి తుడుచుకుని, వ్యాన్ తాళాలు తీసుకుంది. తల్లి బ్లాసిదా అదే గ్లాసును తనకోసం మళ్ళీ నింపుకుంది. ఆ ఇంట్లో ఏటా ఆ తేదీన జరిగేదే కాబట్టి ఇద్దరూ దాని గురించి ఒక్క మాట కూడా అనుకోలేదు.

"మాటె తాగకుండానే పోతున్నావా?" అంది తల్లి, మాటె ఆకులో పోసే వేడినీళ్ళ వైపు చూసి.

"అక్కడ వాళ్ళంతా తాగకుండా కూర్చుని ఉంటారమ్మా. నేను తాగి వెళ్తే ఏం బాగుంటుంది?"

"తాగకుండా కూర్చుంటారనేది నీ నమ్మకం" అంది బ్లాసిదా.

ఆ పొద్దున జునిల్దాకు కావలసింది ఒక్కటే. పొత్రేరో గుయాబో అనే పల్లెలో చెరకు కోతకు వెళ్ళే కుటుంబాల నుంచి పరగడుపు రక్తం. నలభై ఒక్క మంది పేర్లు ఇచ్చారు. ఇది మూడోసారి వెళ్ళడం. నాలుగోసారి ఉండదు.

ఆమెకు యాభై తొమ్మిదేళ్ళు. విల్లారికాలో నర్సింగ్, బయోకెమిస్ట్రీ విద్యార్థులకు పాఠం చెప్పడం మొదలుపెట్టి ముప్పై ఏళ్ళు దాటింది. మా జిల్లాలో ఏ ఆసుపత్రికి వెళ్ళి చెయ్యి చాపినా, సూది పట్టుకున్న ఆ ఎదుటి చెయ్యి ఆమె దిద్దినదే అయి ఉంటుంది. నరాన్ని కంటితో కాదు, వేలితో వెతకాలని ఆమె చెప్పిన మాటను ఆమెకే చెప్పి రక్తం తీసిన నర్సులున్నారు. సంతలో నడుస్తుంటే రెండు అడుగులకొకరు "ప్రొఫె" అని పలకరిస్తారు. అది మర్యాదే. కానీ జునిల్దాను దగ్గరగా ఎరిగినవాళ్ళకు తెలుసు, ఆ మర్యాద ఆమెకు ఎప్పుడూ సరిపోలేదు. ఇతరుల చేతులు తయారుచేయడంతోనే తన పని అయిపోకూడదనీ, తన పేరుతో ఒక్క పరిశోధనైనా పూర్తి కావాలనీ ఆమె కోరిక.

దానికి కారణం ఇంట్లోనే ఉంది. ఆమె తండ్రి చక్కెర మిల్లుకు చెరకు బండి తోలేవాడు. నలభై ఆరేళ్ళకు షుగరు జబ్బుతో కాలు పోయింది, రెండేళ్ళకు మనిషి పోయాడు. ఆయన లావుగా ఉండేవాడు కాదు, కూర్చుని తినే మనిషీ కాదు. చెరకు పొలాల్లో ఎండలో మాడేవాళ్ళకు అంత చిన్న వయసులో ఆ జబ్బు ఎందుకొస్తుందో ఎవరూ ఆమెకు చెప్పలేకపోయారు. తానే కనుక్కోవాలనుకుంది.

ఏళ్ళ క్రితం రెండుసార్లు మొదలుపెట్టింది. మొదటిసారి, మా దగ్గర వేసవైన జనవరి ఎండల్లో కరెంటు పోయి, ఫ్రీజర్లో దాచిన రక్తమంతా పాడైంది. రెండోసారి కావలసిన రసాయనాలు సరిహద్దులో ఆగిపోయి, గడువు దాటాక చేతికొచ్చాయి. మిగిలిన ఏళ్ళలో ఫ్రీజర్‌తోనే యుద్ధం. విద్యార్థులు చల్లగా తాగే తెరెరెకు కావాలని అందులో ఐసు గడ్డ కట్టించుకునేవాళ్ళు. రక్తం గొట్టాల పక్కన ఐసు అచ్చులు దొరికినప్పుడల్లా ఆమె వాటిని కిటికీలోంచి విసిరేసేది. కింద తోటలో ఏ అచ్చు ఎవరిదో వెతుక్కునే విద్యార్థులు ఆ కళాశాలలో రోజూ కనబడే దృశ్యం.

ఈసారి అదృష్టం కొంచెం కలిసొచ్చింది. సావో పావులోలో పనిచేసే ఇవానీ అనే బ్రెజిల్ శాస్త్రవేత్తతో ఒక సదస్సులో పరిచయమైంది. ఇవానీ ల్యాబ్‌లో ఉన్న యంత్రం రక్తపు చుక్కలో ఏమేం కలిసి ఉన్నాయో అణువణువూ చెబుతుంది. రక్తం పంపితే చాలు, పరీక్ష ఖర్చు వాళ్ళది, పరిశోధన మీద మొదటి పేరు జునిల్దాది. షరతు ఒక్కటే. రక్తం పరగడుపున తీసినదై ఉండాలి. ఏం తిన్నా, ఏం తాగినా ఆ యంత్రం కనిపెట్టేస్తుంది, అసలు వెతికేది ఆ గోలలో మునిగిపోతుంది.

పొత్రేరో గుయాబోలో మొదటిసారి అక్టోబరులో తీశారు. విద్యార్థులకు అది శిక్షణ కూడా. ఊరి చాపెల్ ముందు బెంచీలు వేసుకుని, వచ్చినవాళ్ళందరినీ ఒకే ప్రశ్న అడిగారు. "ఉపవాసమేనా?" అందరూ అవునన్నారు. అందులో అబద్ధం లేదు. పొత్రేరో గుయాబోలో ఉపవాసమంటే గుడ్ ఫ్రైడే నాటి ఉపవాసం. ఆ రోజు మాంసం ముట్టరు. మాటె మాత్రం కోడి కూయకముందే మొదలవుతుంది. మాటె మాని ఉపవాసం ఉండమని ఏ ఫాదరూ ఇంతవరకు చెప్పలేదు. చెబితే ముందు ఆయనే ఉండలేడు.

డిసెంబరులో ఇవానీ ఫోన్ చేసింది.

"జునిల్దా, నీ వాళ్ళు లేవగానే కాఫీ తాగారా?"

"లేదే. పరగడుపున తీశాం."

"మరి రక్తంలో కెఫీన్ ఎందుకుంది? ఒక్కరిద్దరిలో అయితే నేను అడిగేదాన్ని కాదు. అందరిలోనూ ఉంది."

ఆ మాట విన్నప్పుడు జునిల్దా ఎడమ చేతిలో ఫోను, కుడి చేతిలో మాటె తాగే ఆవు కొమ్ము గ్లాసు ఉన్నాయి. ఆమె కొమ్మును మెల్లగా బల్ల మీద పెట్టింది.

డీన్ అర్నుల్ఫో బెనీతెస్ ఎముకల డాక్టరు. ఆమెతో కలిసి ఉద్యోగంలో చేరినవాడు. సంగతి విని ఆయన చాలాసేపు నవ్వాడు.

"అందరూ తాగారు కదా. అందరిలో ఉన్నది లెక్కలో కొట్టేసుకుపోతుంది. పంపించెయ్."

"ఒకడు రెండు కొమ్ములు తాగుతాడు, ఒకడు ఇరవై. ఒకరు ఉత్తది, ఒకరు చక్కెర పోసి. ఎలా కొట్టేసుకుపోతుంది? నువ్వు ఎముకలు చూసుకో అర్నుల్ఫో."

"అదే నా అదృష్టం. ఎముకలు మాటె తాగవు. నువ్వు మాటె మానేసే దేశం ఇంకేదైనా చూసుకో, జునిల్దా."

రెండోసారి మార్చిలో. ఈసారి ఊళ్ళో ఆరోగ్య కార్యకర్తగా ఉన్న న్యా సిరిలాను పిలిపించి జునిల్దాయే చెప్పింది. తిండి వద్దు, మాటె వద్దు. న్యా సిరిలా ఇంటింటికీ తిరిగి అదే చెప్పింది. ఆమె చెబితే ఊరు వింటుంది. జునిల్దా వ్యాన్ దిగేసరికి చాపెల్ ముందు ఒక్క వేడినీళ్ళ థర్మాసు కూడా లేదు. బెంచీ మధ్యలో ఐసు గడ్డలు తేలుతున్న పెద్ద కూజా ఉంది. పుదీనా దంచి వేసిన ఆ చల్లటి నీళ్ళతో ఆకు నింపిన కొమ్ము చేతులు మారుతూ వరస చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వస్తోంది.

"న్యా సిరిలా, ఇదేంటి?"

"తెరెరె. ఎండగా ఉంది కదమ్మా."

"తాగొద్దన్నాను కదా."

"మాటె వద్దన్నారు. ఎవరూ ముట్టలేదు. మా ఆయనకు తలనొప్పి వచ్చినా నేను ఇవ్వలేదు. ఇది తెరెరె."

ఆకు ఒకటే, కొమ్ము ఒకటే, పీల్చే గొట్టం ఒకటే. నీళ్ళు వేడైతే మాటె, చల్లనైతే తెరెరె. మా దేశంలో ఈ రెంటినీ ఒకటే అనేవాడికి పిచ్చి పట్టిందనుకుంటారు. జునిల్దా కూడా ఎన్నడూ అలా అనలేదు. ఆ రోజు ఒక్క సూది కూడా విప్పకుండా వెనక్కి వచ్చారు.

ఇవానీ ఓపికకు హద్దు వచ్చింది. ఆగస్టు మొదటి వారంలో యంత్రం ఖాళీగా ఉంటుంది, ఆ తర్వాత వచ్చే ఏడాది మే దాకా ఇతరులదని చెప్పింది. డిసెంబరులో జునిల్దా రిటైర్మెంట్. కుర్చీ పోతే వ్యానూ ఉండదు, ఫ్రీజరూ ఉండదు, విద్యార్థులూ ఉండరు. అంటే ఆగస్టు దాటితే ఈ పని లేదు.

ఆమె పాఠాన్నే దీనికి తిప్పింది. మూడో సంవత్సరం విద్యార్థుల్ని కూర్చోబెట్టి, రక్తం తీయడం మీకు వచ్చు, అడగడం రాదని చెప్పింది. దెర్లిస్ అనే కుర్రాడు సూది వేస్తే చీమ కుట్టినట్టు కూడా ఉండదు, కానీ ప్రశ్న వేస్తే బ్యాంకులో గుమాస్తా పాత బాకీ అడిగినట్టుంటుంది. నిమియా ఆ చెరకు పల్లెల పిల్లే. జునిల్దా ఆమె తలకు ఒక కండువా చుట్టి, ముందుకు కూర్చోబెట్టి, న్యా సిరిలా వేషం వేయించింది.

"అడుగు" అంది దెర్లిస్‌తో.

"అమ్మా, పొద్దున్నుంచి ఏమైనా తీసుకున్నారా?"

"ఏం తీసుకుంటాను నాయనా, మా ఇంట్లో ఏముంది తీసుకోవడానికి? మొన్న కోడిపెట్టను కూడా ఎవడో తీసుకున్నాడు" అంది నిమియా.

క్లాసంతా నవ్వింది. దెర్లిస్ ఎర్రబడ్డాడు.

"ఏమైనా తాగారా అని అడుగుతున్నాను."

"అయ్యో, తాగేది నేను కాదు. మా ఆయన."

"ప్రొఫె, ఈమె కావాలనే ఏడిపిస్తోంది."

"న్యా సిరిలా కూడా అలాగే చెబుతుంది. కావాలని కాదు. నువ్వు అడిగినదానికి జవాబు చెబుతుంది, నువ్వు అడగాలనుకున్నదానికి కాదు. మళ్ళీ అడుగు."

వారాల తరబడి ఆ ఆట ఆడారు. చివరకు ప్రశ్న ఇలా తయారైంది. నిద్ర లేచాక మీ నోట్లో ఏదైనా పడిందా? ఆ తర్వాత ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగాలి. మాటె, తెరెరె, పాలలో కలిపే కొసీదో, చిపా రొట్టె ముక్క, కడుపు నొప్పికి మరిగించిన ఆకుల నీళ్ళు, జబ్బుకు తాగే మందు, ముసలమ్మల చుట్ట, పిల్లలకు పెడుతూ రుచి చూసిన చెంచా. నిమియా వాళ్ళ నాయనమ్మ లవంగం బుగ్గన పెట్టుకుంటుందంటే లవంగం కూడా చేర్చారు. విద్యార్థులు ఆ వరసను నిద్రలో లేపి అడిగినా చెప్పేటట్టు నేర్చుకున్నారు. ఇంత వివరంగా రోగితో మాట్లాడడం ఈ కళాశాలలో ఎప్పుడూ నేర్పలేదని డీన్ కూడా ఒప్పుకున్నాడు.

రక్తం తీయడానికి జూలై చివరి మంగళవారం పెట్టుకున్నారు. సోమవారం సాయంత్రం వాన పట్టుకుంది. మా దగ్గర వాన పడితే ఎర్రమట్టి రోడ్లకు అడ్డంగా గొలుసులు కడతారు, బడులు మూస్తారు, పెళ్ళిచూపులు కూడా ఆగిపోతాయి. మంగళవారం పోయింది. బుధ, గురువారాల్లో వ్యాన్‌ను డీన్ వేరే పనికి ఇచ్చేశాడు. ఇక శుక్రవారమే మిగిలింది. జునిల్దా న్యా సిరిలాకు ఫోన్ చేసింది.

"శుక్రవారమా? ఆ రోజు ఒకటో తేదీ కదమ్మా" అంది న్యా సిరిలా.

"అయితే ఏంటి? ఎవరైనా రారా?"

"రాకేం, వస్తారు. ఆ రోజు అందరూ ఎలాగూ పొద్దున్నే లేస్తారు. మంచిదే."

మంచిదేనని జునిల్దా కూడా అనుకుంది. చేతిలో ఉన్న కాగితం మీద మంగళవారాన్ని కొట్టేసి శుక్రవారమని రాసుకుంది.

ఆ శుక్రవారం చలికాలపు దక్షిణపు గాలి కోస్తోంది. చాపెల్ ముందు జనం దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. కూజా లేదు, థర్మాసు లేదు, కొమ్ము లేదు. ఎక్కడా నిప్పు కూడా రాజుకోలేదు. అందరూ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నారు. వరసలో ముందున్న దోన్ ఇసాసియో చెరకు కోసి కోసి వంగిపోయిన మనిషి. జునిల్దాను చూడగానే లేచి నిలబడ్డాడు.

"చూశావా అమ్మాయ్, పోలీసులు పట్టుకొచ్చిన దొంగల్లా ఎలా కూర్చున్నామో. చేతిలో కొమ్ము లేకపోతే పక్కవాడితో ఏం మాట్లాడాలో కూడా తోచడం లేదు."

"ఒక్క గంట ఓర్చుకోండి దోన్ ఇసాసియో. తర్వాత కొసీదో, చిపా నా ఖర్చు."

"మా నాన్న చనిపోయినప్పుడు కూడా ఇంతసేపు మాటె మానలేదు."

విద్యార్థులు పని మొదలుపెట్టారు. దెర్లిస్ ప్రతివాళ్ళ ముందూ మోకాళ్ళ మీద కూర్చుని, మెల్లగా, ఊరివాళ్ళ భాష గువారనీలో, వాళ్ళింటి పిల్లాడిలా అడిగాడు. మాటె? లేదు. తెరెరె? లేదు. ఆకుల నీళ్ళు? లేదు. చుట్ట? రక్తం ఇచ్చాక కాలుస్తా. లవంగం అనగానే న్యా సిరిలా నోరు తెరిచి చూపించింది.

"వెతుక్కో నాయనా. ఉన్నది రెండు పళ్ళే, వాటి వెనక ఏం దాచగలను?"

జునిల్దా కొంచెం దూరంలో నిలబడి వింటోంది. ముప్పై ఏళ్ళలో తన విద్యార్థులు ఇంత బాగా అడగడం ఆమె చూడలేదు. రక్తం నిండిన గొట్టాలు ఒక్కొక్కటీ ఐసు పెట్టెలోకి వస్తున్నాయి. ఆమె వాటి మీద అంకెలు వేస్తోంది. మధ్యలో నిమియా ముక్కు మూసుకుంది.

"స్పిరిట్ అంత కుమ్మరిస్తున్నావేంటి? వాసనకు తల తిరుగుతోంది."

"నేను వేసింది రెండు చుక్కలు" అన్నాడు దెర్లిస్.

"అయితే నువ్వే దూరం జరుగు."

చివరగా రివెరోస్ కుటుంబం వచ్చింది. ఆరుగురూ ఊరి చివర ఉంటారు. సువార్త సభల్లో చేరినప్పటి నుంచి ఊరి పండుగలకు రారు, సారా దుకాణం ఉన్న వీధిలో నడవరు. అడిగినదానికే జవాబు చెప్పి, చేతులు చాపి, ఓ పక్కకు వెళ్ళి నిలబడ్డారు. నలభై ఒకటో గొట్టం పెట్టెలో పడింది. జునిల్దా మూత మూసి, దాని మీద చెయ్యి ఆనించి, అలాగే కాసేపు నిలబడింది. ఆమె నవ్వడం ఆ రోజే చూశామని విద్యార్థులు తర్వాత చెప్పుకున్నారు.

పొయ్యి రాజేశారు. చిపాల బుట్ట విప్పారు. థర్మాసులు ఎక్కడి నుంచి వచ్చాయో గాని ఒక్కసారిగా వచ్చాయి. దోన్ ఇసాసియో దుప్పటి కిందనుంచి ఒక సీసా తీశాడు. సీసాలో చెరకు సారా, అందులో సదాపాకు కొమ్మ, నిమ్మ తొనలు.

"ఇదిగో అమ్మాయ్, నువ్వు కూడా ఒక గుక్క వేసుకో. పొద్దున్నే వేసుకున్నావో లేదో. ఇవాళ వేసుకోనివాడు ఆగస్టు దాటడం కష్టం."

"వేసుకున్నాను దోన్ ఇసాసియో. మా అమ్మ లేపి మరీ ఇచ్చింది."

ఆ మాట అనేశాక జునిల్దా చెయ్యి పెట్టె మూత మీద ఆగిపోయింది.

ఆగస్టు ఒకటిన ఆ సారా, అంటే కర్రులిమ్, తాగని ఇల్లు మా దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆగస్టు చెడ్డ నెల. ముసలివాళ్ళనూ, బక్క పశువులనూ తీసుకుపోతుంది. అది మన జోలికి రాకుండా పొద్దున లేవగానే తాగాలి. ఇంకేదీ నోట్లో పడకముందు తాగాలి. పరగడుపున తాగితేనే పనిచేస్తుంది.

"న్యా సిరిలా" అని పిలిచింది జునిల్దా. ఆమె గొంతు మామూలుగానే ఉంది. "మీరు ఇవాళ కర్రులిమ్ తాగారా?"

"వేసుకున్నానమ్మా. వేసుకోకుండా ఉంటానా?"

"ఆ పిల్లాడు అడిగాడు కదా, నోట్లో ఏదైనా పడిందా అని."

"అడిగాడు. మాటె అన్నాడు, తెరెరె అన్నాడు, లవంగం కూడా అన్నాడు. ఇది అనలేదు."

"ఏదైనా అన్నాడు కదా. ఏదైనా అంటే ఏదైనా."

న్యా సిరిలాకు కోపం వచ్చింది. మార్చి నుంచి ఈ డాక్టరమ్మ కోసం ఇంటింటికీ తిరిగిన మనిషి ఆమె.

"చూడమ్మా, కర్రులిమ్ తాగేది కాదు, వేసుకునేది. పరగడుపున వేసుకుంటాం. అంటే వేసుకున్నాక కూడా పరగడుపే కదా. లేకపోతే ఆ మాటకు అర్థమేముంది?"

"జబ్బుకు మందేమైనా తాగారా అని కూడా అడగమని చెప్పాను."

"ఇది మందు ఎందుకవుతుంది? జబ్బు ఉంటే మందు. ఇది జబ్బు రాకుండా వేసుకునేది. మీరు పిల్లలకు టీకా వేసి పంపిస్తారు, దాన్ని మందంటారా?"

జునిల్దా దెర్లిస్ వైపు తిరిగింది. వాడు నేల చూపులు చూస్తున్నాడు.

"టీకాల సంగతి మనం వరసలో చేర్చలేదు ప్రొఫె" అన్నాడు మెల్లగా.

"నువ్వు తాగావా?"

"ఏడు గుటకలు. మా నాయనమ్మ పక్కనుంచి లెక్కపెట్టింది."

"నువ్వు?"

"మూడే" అంది నిమియా. "నాకు చేదు పడదు."

ఇక ఆమె వాళ్ళను ఏమీ అనలేకపోయింది. అనడానికి నోరు తెరిస్తే వాళ్ళకు తగిలేది కూడా అదే వాసన. స్పిరిట్ అని నిమియా విసుక్కున్నది ఊరందరి నోళ్ళలోంచి, తన నోట్లోంచి, విసుక్కున్న ఆ పిల్ల నోట్లోంచి కూడా వచ్చిన చెరకు సారా. జునిల్దా బెంచీ దగ్గరకు వెళ్ళి ఒక్కొక్కరినీ తానే అడిగింది. ఎవరూ దాచలేదు. దాచవలసిన విషయమని వాళ్ళకు తోచలేదు. కొందరు గుటకల లెక్క గర్వంగా చెప్పారు. దోన్ ఇసాసియో సీసా చూపించి, ఇంత మిగిలింది, మిగతాది నాది అన్నాడు. ముప్పై ఐదు మంది తాగారు. తాగనివాళ్ళు రివెరోస్ కుటుంబంలోని ఆరుగురే. కుటుంబ పెద్ద తన వంతు వచ్చినప్పుడు, దేవుడు కాపాడే నెలలో సారాకు పనేమిటని అన్నాడు. అంతకుముందు ఎప్పుడైనా ఎవరైనా ఆయన మాటను ఇంత శ్రద్ధగా విన్నారో లేదో.

"రేపు మళ్ళీ ఇస్తారా?" అని న్యా సిరిలాను అడిగింది జునిల్దా. అలా అడగకూడదని ఆమెకు తెలుసు. వ్యాన్ లేదని కూడా తెలుసు.

"రక్తమేమైనా బావినీళ్ళా అమ్మా, పొద్దున్నే చేద వేసి తోడుకోవడానికి? మూడుసార్లు రమ్మన్నారు, మూడుసార్లూ వచ్చాం. మాటె మానేశాం. ఇంకేం మానాలి?" అని న్యా సిరిలా దుప్పటి సర్దుకుంది. "మొన్న ఫోన్లో చెప్పాను కదా, ఒకటో తేదీ అని. నేనింకా మీకు తెలుసనే అనుకున్నాను. మీరు మన మనిషే కదా."

తిరుగు దారిలో వ్యాన్‌లో, ఊరు దగ్గరపడ్డాక దెర్లిస్ ఒక మాట అన్నాడు. తీసిన రక్తంలో తప్పేమీ లేదని, ఒక్క గొట్టం కూడా గడ్డకట్టలేదని. జునిల్దా తలూపింది. రక్తం నిజంగానే చాలా బాగా తీశారు.

ఆఫీసులోంచి ఇవానీకి ఫోన్ చేసింది.

"ఎన్ని?"

"ఆరు."

అవతల ఇవానీ పెన్ను కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"కనీసం ముప్పై అయినా లేకపోతే నేను ఏమీ చెప్పలేను జునిల్దా. నీకు తెలుసు కదా. మిగతావాళ్ళు ఏం తాగారు?"

"మీ భాషలో దానికి పేరు లేదు" అంది జునిల్దా.

"మే నెలలో మళ్ళీ చూద్దాం."

"మేలో నేను ఉండను."

డీన్ గది తలుపు తీసే ఉంది. అర్నుల్ఫో అంతా విన్నాడు. ఈసారి నవ్వలేదు. బల్ల సొరుగు లాగి, చిన్న సీసా తీసి, మళ్ళీ లోపల పెట్టేశాడు.

"ఇవాళ ఒకటో తేదీ అని నేనైనా చెప్పాల్సింది. వ్యాన్ ఇచ్చింది నేనే కదా" అన్నాడు.

"నువ్వు తాగావా?"

"తాగాను."

"మరి నీకెలా గుర్తుంటుంది?" అంది జునిల్దా.

ముప్పై ఐదు గొట్టాలు పారెయ్యడానికి ఆమెకు మనసొప్పలేదు. రక్తం ఇచ్చినవాళ్ళకు కబురు పంపి, పిల్లల చదువుకు వాడుకోవచ్చా అని అడిగింది. ఇప్పుడైనా ఎవరికో ఒకరికి పనికొస్తే చాలని న్యా సిరిలా జవాబు పంపింది. సోమవారం రెండో సంవత్సరం విద్యార్థులకు షుగరు పరీక్ష ప్రాక్టికల్. ఎప్పుడూ కుళాయి నీళ్ళలో చక్కెర కలిపి నేర్చుకునే పిల్లలకు మొదటిసారి నిజమైన రక్తం దొరికింది. వాళ్ళు చాలా సంతోషించారు. క్లాసు మొదలుపెట్టే ముందు జునిల్దా ఫ్రీజర్ తెరిచి, అందులో ఉన్న రెండు ఐసు అచ్చులు తీసి కిటికీలోంచి విసిరేసింది.

సావో పావులో బస్సు మంగళవారం సాయంత్రం బయల్దేరింది. ఇవానీకని జునిల్దా ఎక్కించిన పెట్టెలో ఆరు గొట్టాలున్నాయి.